గడిలోని మహాదేవుడు

కార్తిక సోమవారము, ప్రదోషవేళకు కొంత ముందు, విశ్రాంత సంస్కృతోపాధ్యాయులొకరు దోమకొండ గడి ద్వారమున నిలిచారు. చేతిసంచిలో నువ్వులనూనె సీసా, రెండు మట్టి ప్రమిదలు. పదకొండు సంవత్సరముల తరువాత ఆయన స్వగ్రామమునకు రావడమిదే.

పేరులో కొండ ఉన్నా కోట మాత్రము సమతలముననే ఉన్నది. కామినేని వంశీయుల సంస్థానమునకు ఇది కేంద్రము. 18వ శతాబ్దపు నిర్మాణము. లోపల అద్దాల మేడ, రాజభవనములు ఉన్నవి. వాటన్నిటికంటె ప్రాచీనుడు అక్కడి మహాదేవుడు. కాకతీయ శైలిలోని ఆ ఆలయ స్తంభములు సంస్థానమునకు పూర్వపు కాలమును చెప్పుచున్నవి. రాజ్యము పోయినది, మేడలు శిథిలమైనవి, కాని అభిషేకజలము మాత్రము లింగముపై పడుచునే ఉన్నది. అనంతరము గడికి జీర్ణోద్ధరణ జరిగినది. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారము లభించినది. అయితే ఆయన వచ్చినది పురస్కృతమైన గోడలను చూచుటకు కాదు.

ఆయన తల్లి ప్రతి కార్తికమున ఇక్కడ దీపము పెట్టెడిది. చివరి సంవత్సరము నడవలేక, "ఒక్కసారి గడికి తీస్కపో బిడ్డా" అని అడిగినది. అప్పుడాయన వేదాంత ప్రకరణములలో మునిగియున్నారు. సర్వవ్యాపికి ఒక రాయిలో ప్రత్యేక సన్నిధి ఏమిటని తల్లికి ఉపన్యసించారు. ఆమె వాదించలేదు. పైసంవత్సరపు కార్తికమునకు ఆమె లేదు.

ఘటము పగిలినను ఆకాశము పగలదని ఆయన ఎందరో విద్యార్థులకు బోధించారు. దృష్టాంతమున దోషము లేదు. కాని ఆ ఘటమునకు రెండు చేతులుండెడివి. అవి వత్తులు చేసెడివి. ఈ సంగతి ఏ వ్యాఖ్యానమునను ఆయనకు కనబడలేదు. ఉపాధి మిథ్య అనుట సులభమే, అది తన తల్లి కానంతవరకు.

మండపమున కూర్చుండి ప్రమిదలో నూనె పోసిన పిదప తెలిసినది, వత్తులు మరచినట్లు. జీవితమంతా వాటిని చేసి పెట్టినది ఆమెయే కదా! ఆయన చేతులు అటులే నిలిచిపోయినవి.

పక్కన దీపము పెట్టుచున్న వృద్ధురాలొకామె ఇది గమనించినది. "వత్తులు మర్సినవా కొడుకా? నా తాన ఉన్నయ్, తీస్కో" అని కొంగుముడి విప్పినది. రెండు వత్తులిచ్చి, ఎవరి పేర దీపమని అడిగినది. ఆయన తల్లి పేరు చెప్పారు.

"ఆమె కొడుకువా! మస్తు యాదికొస్తది. నువ్వు పట్నంల పెద్ద పంతులువని అందరికి చెప్పేది."

ఆయన మారుపలుకలేదు. గాలికి మొదటి దీపము రెండుమార్లు ఆరినది. మూడవసారి ఆ వృద్ధురాలు తన అరచేతిని అడ్డము పెట్టినది.