గుడ్డ గోడల ఇంట్లో మూడు రాత్రులు

గూడుబండి కట్టుకొని క్రిస్మస్ కూటాలకు వెళ్ళిన పెద్దలు మన సంఘాలలో ఇంకా ఉన్నారు. ఎడ్లను విప్పి, కాడి దించితే ఆ బండి పక్కనే వంట, ఆ బండిలోనే నిద్ర. అమెరికాలో కుటుంబాలు అడవికి వెళ్ళేటప్పుడు కారు వెనుక తగిలించుకొనిపోయే ‘పాప్‌-అప్ క్యాంపర్’ ఇంచుమించు అలాంటిదే. రోడ్డు మీద పోతున్నంతసేపు అది నడుమెత్తు పెట్టె. దిగవలసినచోట ఆపి మర తిప్పితే పైకప్పు లేస్తుంది. అటొకటి ఇటొకటి రెండు మంచాలు సొరుగుల్లా బయటికి వస్తాయి. చుట్టూ గుడ్డ గోడలు బిగుసుకుంటాయి. 2023 అక్టోబరులో మేము ఆరుగురం అటువంటి బండిలో మూడు రాత్రులు గడిపాము. ఆ రాత్రుల్లో దేవుడు మా కుటుంబానికి చేసిన మేలును గూర్చి రాయమని మా సంఘంలోని సహోదరీలు కోరగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. మావారు దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా పనిచేశాను. ఎల్.బి.నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకొని ఉంటున్నాము. మా అబ్బాయి దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్లలోనే కంప్యూటరు నేర్చుకొని 2012లో అమెరికా వెళ్ళాడు. అతడు, మా కోడలు, తొమ్మిదేళ్ళ మనవరాలు, ఆరేళ్ళ మనవడు అట్లాంటా దగ్గర ఉండేవారు. మేము వెళ్ళినప్పుడు పిల్లలకు ఎప్పటినుండో ఇచ్చిన మాట ప్రకారం ఒక క్యాంపర్‌ను అద్దెకు తీసుకొని, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ ఉద్యానవనానికి బయలుదేరదీశాడు.

ఈ ఉద్యానవనం టెనెస్సీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దు కొండల్లో ఉంది. 1934లో ఏర్పడింది. ఆ దేశంలోని జాతీయ ఉద్యానవనాలన్నిటిలోనూ ఎక్కువమంది వచ్చేది దీనికే. ఏటా కోటి మందికి పైగా వస్తారు. లోపలికి వెళ్ళడానికి టిక్కెట్టు లేదు. బండి నిలుపుకోవడానికి మాత్రం 2023 మార్చి నుండి రుసుము పెట్టారు. మేము దిగినది కేడ్స్ కోవ్ అనే లోయలో. చుట్టూ కొండలు, నడుమ పచ్చిక. అక్టోబరు కాబట్టి చెట్ల ఆకులు పసుపు, ఎరుపు రంగులకు తిరిగాయి.

క్యాంపర్ నిలపడం మా అబ్బాయి వీడియో చూసి నేర్చుకున్నాడు. మావారికి వీడియో అక్కరలేకపోయింది. ముందు చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టించారు. ఆ తరువాతే కారునుండి విప్పనిచ్చారు. నీళ్ళ సీసాను నేలమీద అడ్డంగా పెట్టి వాలు చూశారు. నాలుగు మూలలా జాకీలు దించి, అప్పుడు మర తిప్పారు. “తాతకు అన్నీ తెలుసు” అని మనవడు వాళ్ళమ్మతో ఇంగ్లీషులో అంటుంటే మావారి ముఖం చూడవలసిందే.

అక్కడ కరెంటు లేదు. స్నానానికి వేడినీళ్ళు లేవు. కుళాయి, మరుగుదొడ్లు ఉన్నాయి. ఆ అడవిలో నల్ల ఎలుగుబంట్లు సుమారు 1,900 ఉన్నాయని అంచనా. అందుచేత తిండి వస్తువేదీ బయట ఉంచకూడదు. ఆవకాయ సీసా మొదలుకొని పళ్ళుతోముకొనే పేస్టు వరకు కారులో పెట్టి తాళం వేయాలి. ఎలుగుబంటి కనబడితే 50 గజాల లోపుకు పోకూడదు. పొయ్యిలోకి కట్టెలు కూడా ఇంటినుండి తీసుకుపోవడానికి వీల్లేదు. బయటినుండి తెచ్చేవైతే వేడిచేసి పురుగు చంపినట్టు ముద్ర ఉన్న కట్టెలే తేవాలి. ఒక ప్రాంతపు కట్టెలోని పురుగు మరో ప్రాంతపు అడవిని తినేస్తుందట. పొలం చేసేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఆ లోయలో ఒకప్పుడు ఊరుండేది. 1850లో 685 మంది ఉండేవారు. ఉద్యానవనం కోసం భూములు తీసుకున్నప్పుడు చాలామంది ఇళ్ళు వదిలి వెళ్ళిపోవలసి వచ్చింది. వారి గుళ్ళు, సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. బాప్తిస్టు గుళ్ళు రెండు, మెథడిస్టు గుడి ఒకటి ఉన్నాయి. ఆ మెథడిస్టు గుడిని 1902లో ఒక కమ్మరి 115 రోజుల్లో, 115 డాలర్లతో కట్టాడు. తరువాత ఆయనే అక్కడ బోధకుడయ్యాడు. మన మెదక్ గుడికి 1914 నుండి 1924 వరకు పదేళ్ళు పట్టింది. రెండింటిలోనూ ప్రార్థన ఒకటే కదా! ఆ చెక్క గుడికి ముందు రెండు తలుపులున్నాయి. మన పల్లెల్లో లాగా మగవారికొకటి, ఆడవారికొకటి కాబోలనుకున్నాను. కాదట, మరో గుడి నమూనా చూసి అలా కట్టారు గాని, లోపల అందరూ ఇష్టమైనచోట కూర్చునేవారట. మా కోడలు ఆ బల్లమీద కూర్చొని చాలాసేపు లేవలేదు. ప్రార్థించుకుంటున్నదిలే అనుకున్నాము.

రెండవ రాత్రి చలి ఎక్కువైంది. పిల్లలు నా రెండు ప్రక్కలా నిద్రపోయారు. కొడుకు, కోడలు బయట మంట దగ్గర కూర్చున్నారు. ఇటుక గోడల ఇంట్లో పక్క గదిలో ఏం జరుగుతున్నదీ తెలియదు. గుడ్డ గోడకు అవతల గుసగుస కూడా వినబడుతుంది. “ఇంకా ముప్పై ఎనిమిది రోజులే ఉన్నాయి” అని మా కోడలు ఏడుస్తున్నది. నేను మావారి వైపు చూశాను. ఆయనా మేలుకొనే ఉన్నారు.

ఆయన స్వెటరు వేసుకొని బయటికి వెళ్ళి వారి పక్కన కూర్చున్నారు. కాసేపు ఏమీ అనలేదు. తరువాత, “మంట ఆరిపోతున్నది, ఇంకో కట్టె వెయ్యి బిడ్డా” అన్నారు. కట్టె వేశాక, “ఎన్ని రోజులాయె?” అని అడిగారు.

“ఇరవై రెండు రోజులు, నాన్నా” అన్నాడు మా అబ్బాయి.

ఉద్యోగం పోయింది. హెచ్‌-1బి వీసా మీద ఉన్నవారికి పని పోతే, సాధారణంగా 60 రోజుల్లోగా మరో సంస్థ వారికోసం దరఖాస్తు పెట్టాలి, లేదా వేరే రకం అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. ఆ సంవత్సరం కంప్యూటరు సంస్థలు వేలమందిని తీసివేశాయి. “ముందే చెబితే మీరు రారని చెప్పలేదు. అయినా ఏం ముఖం పెట్టుకొని వస్తాం నాన్నా? వీసా వచ్చినప్పుడు గుళ్ళో సాక్ష్యం చెప్పారు మీరు” అన్నాడు.

మావారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. “దారిల బస్సు ఆగితే ఎక్కినోళ్ళను తిడతామా? పక్కకు తీసి, జాకీ పెట్టి చూస్తం. నడిస్తే నడుస్తది, లేకపోతే డిపోకు తెచ్చుకుంటం. పై పోర్షన్ ఖాళీగనే ఉన్నది. తాళంచెవి నా దగ్గరనే ఉన్నది” అన్నారు. మా కోడలు, “మామయ్యా” అని ఒక్క మాట అని, ఆయన మోకాలి మీద తల పెట్టుకొని ఏడ్చింది. నేనూ దుప్పటి కప్పుకొని వెళ్ళి కూర్చున్నాను. ఆ మంట చుట్టూ నలుగురం ప్రార్థన చేసుకున్నాము. ఉద్యోగం ఇమ్మని మాత్రమే అడగలేదు. ఇయ్యకపోయినా ఒకరినుండి ఒకరు దాగకుండా ఉండే ధైర్యమిమ్మని అడిగాము.

బయలుదేరే ఉదయం మంచుకు గుడ్డ అంతా తడిసిపోయింది. తడిగా ఉన్నదాన్ని మడిచి మూసేస్తే బూజు పడుతుంది. మడవక తప్పకపోతే ఇంటికి చేరిన వెంటనే మళ్ళీ విప్పి ఆరబెట్టాలి. మా అబ్బాయి వాళ్ళ ఇంటి ముందు అలాగే విప్పి ఎండలో పెట్టాడు. ఇంట్లోని కష్టమూ అంతే సుమండీ. మడిచి దాచినకొద్దీ పాడవుతుంది, విప్పితేనే ఆరుతుంది.

మిగిలిన రోజులన్నీ అతడు ప్రయత్నించాడు. ఉద్యోగం రాలేదు. నవంబరు మూడవ వారంలో ఆరుగురమూ ఒకే విమానంలో వచ్చి శంషాబాదులో దిగాము. ఎల్.బి.నగర్‌లో మొదటి నెలలు కష్టంగానే గడిచాయి. కొందరు అడగరాని ప్రశ్నలు అడిగారు. మావారు ఆదివారం గుళ్ళో లేచి నిలబడి, కొడుకుకు పనిపోయిందని, ప్రార్థించమని అందరి ముందే చెప్పారు. ఆ తరువాత అడిగేవారు తగ్గి, సాయం చేసేవారు పెరిగారు. ఆరు నెలలకు ఇక్కడే ఒక చిన్న సంస్థలో పని దొరికింది. జీతం తక్కువ. సాయంత్రం ఇంటికి వస్తాడు.

పిల్లలు మాత్రం, “నేషనల్ పార్కు ఎప్పుడు?” అని వదల్లేదు. దానికోసం విమానం ఎక్కనవసరం లేదు. మా ఇంటినుండి విజయవాడ రోడ్డు మీద కొంచెం దూరంలో వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది. మావైపు జింకల పార్కు అంటారు. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. మహావీరుని 2,500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో ఆ పేరు పెట్టారు. 1994లో జాతీయ ఉద్యానవనమైంది. 3,600 ఎకరాలకు పైగా ఉన్న ఆ అడవిని నగరం అన్ని వైపులా కమ్ముకుంటున్నది. అక్కడ కృష్ణజింకలున్నాయి, మచ్చల జింకలున్నాయి. ఉమ్మడి రాష్ట్రపు జంతువు కృష్ణజింక. 2014 తరువాత తెలంగాణ మచ్చల జింకను ఎంచుకున్నది. రెండు రాష్ట్రాల జంతువులూ ఒకే కంచెలో మేస్తున్నాయన్నమాట! ఒక శనివారం పులిహోర కట్టుకొని వెళ్ళాము. కొమ్ములు మెలితిరిగిన మగ కృష్ణజింక ఒకటి పొదపక్కన నిలబడి మమ్మల్నే చూసింది. సాయంత్రం గేటు మూసేలోగా బయటికి వచ్చేశాము.

రాత్రి అడవిలో పడుకోలేదని మనవడు అలిగాడు. మావారు నీళ్ళ ట్యాంకు నుండి మెట్లగది వరకు తాడు కట్టి, టార్పాలిన్ వేసి, లోపల దోమతెర బిగించారు. ఆరుగురం అందులోనే పడుకున్నాము. దూరాన లారీల మోత. మా అబ్బాయి ఆఫీసులో ఆనాడు పడిన మాట ఒకటి ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

ప్రియ సహోదరీ సహోదరులారా, పల్లెల్లో మీకు మిద్దె ఉంది, కళ్ళం ఉంది, మంచె ఉంది. నెలకొక్క రాత్రి ఫోన్లు పక్కన పెట్టి ఇంటిల్లిపాది ఒక్కచోట పడుకోండి. దూరాన ఉన్న మీ పిల్లలు వచ్చినప్పుడు జీతమెంత అని అడగకముందు, నిద్ర పడుతున్నదా అని అడగండి. చెప్పవలసినది ఉంటే వారే చెబుతారు.