ముందు చక్రంలో గాలి

మా కొత్తచెరువులో వానల సంగతి ఎత్తకుండా నాలుగు మాటలాడే మనిషి అరుదు. ఆ అరుదైన జాతి ధర్మవరం రోడ్డులో ఒక పంచరు అంగడి ముందు బల్ల మీద కొలువుతీరి ఉంటుంది. అందులో మా అబ్బాయి ఒకడు, మా తమ్ముడి కొడుకు ఇంకొకడు. మార్క్వెజ్, రోసీ, డుకాటి, యమహా అంటూ వాళ్ళు తగవులాడుతుంటే, అవేవో పక్క వీధి పెద్దమనుషుల పేర్లు గాబోలునని కొత్తవాళ్ళు భ్రమపడతారు.

అంగడి యజమాని రోసీ భక్తుడు. 2015లో అయిదు పాయింట్ల తేడాతో లొరెంజోకు కిరీటం పోయిన దుఃఖం ఆయనకు నేటికీ తీరలేదు. పిల్లలకైతే 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన పందెమే పెద్ద ముచ్చట. మన దేశపు ఎండకు జడిసి 24 చుట్లను 21కి కుదించారట. "అదే మన చేలో పెట్టి ఉంటే పదికే చుట్టేసేవాళ్ళు" అంటాడు మావాడు.

వాళ్ళ స్నేహం అలా ఉండగా, నేనూ మా తమ్ముడూ మాట్లాడుకొని ఆరేళ్ళయింది. కారణం బోరుబావి. నీళ్ళు పడ్డాక వంతులు వచ్చాయి; వంతులతో మాటలు వచ్చాయి. తర్వాత నీళ్ళు ఎండిపోయాయి, మాటలు మాత్రం మిగిలాయి.

2025 మార్చి 2, ఆదివారం. స్కూటరుకు గాలి పట్టించుకుందామని అంగడికి వెళ్ళాను. పిల్లలిద్దరూ ఒకే సెల్‌ఫోను మీదికి వంగి ఉన్నారు. థాయిలాండులోని బురిరాంలో పందెం. ముందు పోతున్నవాడు అన్న మార్క్ మార్క్వెజ్. వెనక తరుముకొస్తున్నవాడు తమ్ముడు అలెక్స్. ఏడో చుట్టులో అన్న ఉన్నట్టుండి వేగం తగ్గించి, తమ్ముణ్ణి ముందుకు పోనిచ్చాడు.

"ఎంత మంచి అన్నరా!" అన్నాను, నోరు జారి.

ఇద్దరూ పకపకా నవ్వారు. "మంచితనం కాదు పెదనాయనా, గాలి!" అన్నాడు తమ్ముడి కొడుకు.

ముందు చక్రంలో ఒత్తిడి 1.8 బార్‌కు, అంటే మన అంగడి లెక్కలో సుమారు 26 పౌండ్లకు, తగ్గరాదట. మొత్తం చుట్లలో నూటికి 60 వంతులైనా ఆ లెక్క నిలవాలట. తప్పితే, పందెం ముగిశాక 16 సెకండ్లు అదనంగా కలుపుతారు. ఒంటరిగా ముందు పోయేవాడి చక్రానికి చల్లగాలి తగిలి ఒత్తిడి పడిపోతుంది. ఇంకొకరి వెనక పోతే ఆ బండి వేడికి పెరుగుతుంది. అందుకని అన్నగారు చాలాసేపు తమ్ముడి వెనకే, నీడన కాదు, వేడిన నడిచి, చివరలో మళ్ళీ దాటి గెలిచాడు. తమ్ముడిది రెండో స్థానం.

ఇది ఉత్త బెదిరింపు నిబంధన అనుకోకండి. మరుసటి నెలలోనే కతార్‌లో వినాలెస్ రెండోవాడుగా వచ్చి, ఈ గాలి లెక్క తప్పినందుకు 14వ స్థానానికి దిగిపోయాడు. రావలసిన పాయింట్లు 20, చేతికొచ్చినవి రెండు.

"ముందు పోవడం కూడా తప్పేనా?" అని తమ్ముడి కొడుకు వాదం. "టైరు దెబ్బతింటే పడేది వాడే కదప్పా" అని మావాడి జవాబు. ఆ వాదం ఎటు తేలిందో తెలియదు. నా మనసు అప్పటికే చేని దారి పట్టింది.

మా చేలకు పోయే బాట ఒక బండికే సరిపోతుంది. ఆరేళ్ళుగా ఎదురైనప్పుడల్లా ఎవరు తప్పుకోవాలన్నదే మా ఇద్దరికీ పెద్ద వ్యాజ్యం. ఎవరం తప్పుకొనేవాళ్ళం కాదు. ఇంజన్లు ఆపుకొని ఆకాశం చూస్తూ నిలబడేవాళ్ళం. ఆనాటి సాయంకాలం కూడా ఎదురుపడ్డాడు. ఏమనిపించిందో, నేను స్కూటరును గట్టు మీదికి ఎక్కించాను. మంచితనం కాదు లెండి. నాకూ ఏదో లెక్క ఉండే ఉంటుంది.

తమ్ముడు దాటిపోయాడు. పది గజాల అవతల ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"అన్నా, ముందు చక్రంలో గాలి లేదు చూడు."

వంగి చూసుకున్నాను. నిజమే. అంగడికి వెళ్ళిన పని మరిచి వచ్చాను.