ఎడమకాలు, కుడికాలు

నాకు మోకాళ్ళు రెండు. "మాకేం నాలుగా?" అనకండి. నావి రెండూ కొత్తవి. ఒకే ఆపరేషన్. అయినా కుడిదంటే ఎంత ప్రేమో, ఎడమదంటే అంత కోపం!

ఎడమదానికి ముందు డాక్టరుగారు మాట్లాడింది ఒక్క మాట. "పరుగెత్తుతారమ్మా!" నమ్మాను. తీరా ఇంటికొచ్చాక మోకాలు వాచి వేడెక్కింది. కోత పక్కన మొద్దుబారింది. నడిస్తే లోపల టక్కుటక్కు. ఏదో చెడిపోయిందనుకుని, మావారికి తెలియకుండా రాత్రిళ్ళు ఏడ్చాను. మూడు నెలలకి పీటమీద కూర్చోబోతే కాలు మడతపడలేదు. లక్షలు పోసి కొనుక్కున్న కాలు!

రెండేళ్ళకి కుడిది, వేరే ఆసుపత్రిలో. ఫిజియోథెరపీ అమ్మాయి, మా మనవరాలి ఈడుది, పక్కన కూర్చుని అడిగింది.

"ఈ కాలుతో ఏం చెయ్యాలనుంది మామ్మగారూ?"

ఈ ప్రశ్న అంతవరకూ నన్నెవరూ అడగలేదు సుమండీ!

"వ్రతానికి పీటమీద కూర్చోవాలమ్మా."

"గుడికి నడవొచ్చు, మెట్లెక్కొచ్చు. బాసింపట్టు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. వాపు నెలల తరబడి ఉంటుంది. మొద్దు పూర్తిగా పోకపోవచ్చు. చప్పుడంటారా, లోహమూ ప్లాస్టిక్కూ తగులుకోవడం. జ్వరమొచ్చినా, కోత చెమర్చినా, పిక్క వాచి నొప్పెట్టినా మాత్రం ఆరోజే రావాలి."

చెప్పి ఊరుకోలేదు, నాచేత అప్పజెప్పించుకుంది.

కెనడాలోని ఒంటారియోలో 1,703 మందిని అడిగితే 19 శాతం తృప్తి లేదన్నారట. అనుకున్నది జరక్కపోవడమే అన్నిటికంటే పెద్ద కారణమట. 2010లో అచ్చయిందని మనవడు చదివి వినిపించాడు. నా ఎడమకాలు ఆ జట్టులోదే!

కుడిదీ మడవదు, టక్కుమంటుంది. ఏడవలేదు. మొన్న వరలక్ష్మీవ్రతానికి నేనే కుర్చీ వేయించుకుని కథ చదివాను. ఎడమకాలు సణుగుతూనే ఉంది.