ఒక్క మిల్లు, ఎన్ని లెక్కలు

నల్గొండ జిల్లా పెద్దవూరలో సాగర్ రోడ్డు పక్కనున్న ఆ ఇంటికి బోర్డేమీ లేదు. లోపల కుట్టుమిషను చప్పుడు వినిపించబట్టి సర్వే అమ్మాయి ఆగింది. "ఇంట్ల ఏమన్న వ్యాపారం నడుస్తదా అక్కా?" అని అడిగింది. "వ్యాపారం ఏడిదమ్మా, జాకెట్లు కుడత" అంది ఇంటావిడ. అమ్మాయి చేతిలోని ట్యాబ్‌లో ఆ జాకెట్ల పని ఒక సంస్థగా నమోదైంది. జీతగాళ్లెవరూ లేకుండా మనిషి సొంతంగా నడుపుకునే సంస్థ.

ఇక ప్రశ్నలు. కిందటి నెల దారానికి ఎంతయింది, లైనింగు గుడ్డకూ హుక్కులకూ ఎంత పెట్టారు, రోజుకు ఎన్ని గంటలు కుట్టారు, చేతికి ఎంత వచ్చింది. కరెంటు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తడబడింది. "ఇంటికీ మిషన్‌కూ ఒకటే మీటరు గదా, ఎట్ల చెప్పాలె?" అమ్మాయి తొందరపెట్టలేదు. మిషను ఎంతసేపు తిరుగుతుందో, ఇంట్లో ఫ్యాన్లెన్నో, టీవీ ఎంతసేపు ఆడుతుందో అడిగి, బిల్లులో మిషను వాటా ఎంతో ఆవిడ చేతనే అంచనా కట్టించింది. పద్దు పుస్తకం లేనిచోట లెక్క ఇలాగే పుడుతుంది. ఆ అమ్మాయి ఓపిక చూసి నాకు చాలా గౌరవం కలిగింది.

ఇది జాతీయ గణాంక కార్యాలయం ఏటా జరిపే అసంఘటిత రంగ సంస్థల సర్వే. వ్యవసాయం, నిర్మాణం పోను చిన్న తయారీ, వర్తకం, సేవలు దీని కిందికి వస్తాయి. 2023-24 సర్వే ప్రకారం దేశంలో ఇలాంటి సంస్థలు 7.34 కోట్లు, వాటిలో పనిచేసేవాళ్లు 12 కోట్ల పైచిలుకు. వీటికి ముందుగా తయారై ఉన్న జాబితా లేదు. ఎంపికైన ఊళ్లో, ఎంపికైన వార్డులో గడపగడపా తిరిగి రాసుకోవాల్సిందే.

పక్కనే వెల్డింగ్ షాపాయన విసుక్కున్నాడు. "మొన్ననే గదమ్మా ఒకాయనొచ్చి అన్నీ రాసుకపోయిండు?" "అది ఇంటింటి కులాల సర్వే అన్నా, ఇది వేరే" అని ఆమె నచ్చజెప్పింది. తెలంగాణలో ఆ సర్వే జరిగింది 2024 నవంబరులో. ఆయన లెక్కలో మాత్రం సర్కారు ఒక్కటే, అడగవచ్చేవాళ్లే రకరకాలు. ఆ మాట మనసులో పెట్టుకునే హాలియా మీదుగా మిర్యాలగూడ వెళ్లాను.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలాక ఎడమ కాలువ కింద వరి పెరిగింది, వరి వెంట మిల్లులు వచ్చాయి. నేను చూసిన మిల్లులో పచ్చిబియ్యం, ఉప్పుడు బియ్యం రెండూ ఆడతారు. ఊకతోనే బాయిలరు మండిస్తారు. ఉడికిన వడ్ల వాసన ఆఫీసు గది దాకా వస్తోంది. గుమస్తా ఇనుప బీరువా తెరిచి ఫైళ్లు ఒక్కొక్కటే బల్ల మీద పేర్చాడు. ఫ్యాక్టరీ లైసెన్సు, జీఎస్టీ, ఉద్యం అనే చిన్న పరిశ్రమల నమోదు, పీఎఫ్, కాలుష్య నియంత్రణ మండలి, పౌరసరఫరాలు, చివర్న పరిశ్రమల వార్షిక సర్వే. చట్టం చెప్పిన కనీస సంఖ్యలో పనివాళ్లుండి రిజిస్టరైన ఫ్యాక్టరీలు ఆ సర్వే పరిధిలోకి వస్తాయి. ఎంపికైన ఫ్యాక్టరీ జవాబివ్వడం 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం తప్పనిసరి.

"ఇండ్ల మంది లెక్క ఒకటి, అండ్ల ఒకటి ఉంటది సార్. అబద్ధం మాత్రం ఏదీ గాదు" అన్నాడు గుమస్తా. హమాలీలనే తీసుకోండి. బస్తాకింత అని లెక్కగట్టి ముఠా మేస్త్రి చేతికి డబ్బిస్తారు కాబట్టి మిల్లు పీఎఫ్ ఫైలులో వాళ్ల పేర్లుండవు. పరిశ్రమల సర్వేలో మాత్రం కాంట్రాక్టు మీద వచ్చే పనివాళ్లకు వేరే గడి ఉంది. పైగా పౌరసరఫరాల వాళ్లకు వానాకాలం, యాసంగి అని సీజన్ల వారీగా లెక్క చెప్పాలి. పరిశ్రమల సర్వేకు ఏప్రిల్ నుంచి మార్చి దాకా.

అసలు మెలిక సర్కారు కొని ఆడించమని మిల్లుకిచ్చే ధాన్యంలో ఉంది. క్వింటాలు వడ్లకు పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లు తిరిగి అప్పజెప్పాలి. ఆ వడ్లు మిల్లువి కావు. కాబట్టి పౌరసరఫరాల కాగితంలో ఎన్ని లారీల బియ్యం కనబడినా, పరిశ్రమల సర్వేలో అది ఇతరులకు చేసిపెట్టిన పనికి వచ్చిన కూలి కిందే పడుతుంది. మిల్లరు తన డబ్బుతో కొని ఆడించిన వడ్లు మాత్రం బియ్యం ధరకే ఉత్పత్తి విలువలో చేరతాయి. అదే యంత్రం, అదే రోజు, అదే రకం బియ్యం. ఈ తేడా తెలియనివాడు రెండు కాగితాలనూ కూడితే మిర్యాలగూడ ఉత్పత్తి ఎటో కొట్టుకుపోతుంది.

ఇంతకీ సంస్థ అంటే ఏది? ఫ్యాక్టరీ లైసెన్సు స్థలానికి ఇస్తారు. జీఎస్టీ సంఖ్య పాన్‌ను బట్టి, సాధారణంగా రాష్ట్రానికి ఒకటి. ఒకే యజమానికి రెండు మిల్లులూ ఒక కమీషన్ దుకాణమూ ఉంటే ఒక జాబితాలో ఒకటిగా, మరో జాబితాలో రెండుగా, ఇంకోదాంట్లో మూడుగా కనిపిస్తాడు.

ఇన్ని లెక్కలనూ ఒక్కటి చేయొచ్చు కదా అనిపిస్తుంది. సర్వేలను కలపడం మన దేశానికి కొత్తేమీ కాదు. 1946 నుంచి తయారీ పరిశ్రమల గణన ఒకటి, 1949 నుంచి నమూనా సర్వే మరొకటి పక్కపక్కనే నడిచేవి. రెంటినీ కలిపి 1959 సంవత్సరం లెక్కలతో ఇప్పటి పరిశ్రమల వార్షిక సర్వే మొదలుపెట్టారు. 2019లో కేంద్ర గణాంక కార్యాలయాన్నీ జాతీయ నమూనా సర్వే కార్యాలయాన్నీ ఒకటి చేశారు. ఆఫీసులైతే కలిశాయి, గుమస్తా బల్ల మీది ఫైళ్లు తగ్గలేదు.

కెనడా 1997లోనే వ్యాపార సర్వేలను ఒక గొడుగు కిందికి తేవడం మొదలుపెట్టింది. అమెరికా 2024లో ఏడు వార్షిక సర్వేల స్థానంలో ఒక్కటి తెచ్చింది. పన్నుల రికార్డులతో ముడిపడి, ఎప్పటికప్పుడు దిద్దుకునే వ్యాపార రిజిస్టరు వాళ్లకు ముందే ఉంది. ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉండగానే జాతీయ గణాంక కమిషన్‌కు అధ్యక్షత వహించిన రంగరాజన్ 2001లో ఇచ్చిన నివేదికలోనూ అలాంటి రిజిస్టరు కావాలని ఉంది. అది లేకపోతే ఏమవుతుందో 2016-17 సేవారంగ సర్వేలో తేలింది. కంపెనీల మంత్రిత్వ శాఖ జాబితా పట్టుకుని వెళ్తే చాలా చిరునామాల్లో కంపెనీ లేదు. మూతపడ్డవి కొన్ని, రాసిన వ్యాపారం ఒకటి, చేసేది ఇంకొకటి అయినవి కొన్ని.

అందుకే ముందు జాబితాలు కలవాలి, ఫారాలు ఆ తర్వాత. జీఎస్టీ, ఉద్యం, ఫ్యాక్టరీ లైసెన్సు, పీఎఫ్ సంఖ్యలను ఒకదానికొకటి ముడివేసి, ఏ స్థలం ఏ యజమానిదో ఒక్కచోట రాసిపెడితే గుమస్తాను మళ్లీ మళ్లీ అడగాల్సినవి చాలా తగ్గుతాయి. అప్పుడు హమాలీల సంగతి, సర్కారు వడ్ల సంగతి కూర్చుని తీరిగ్గా అడగొచ్చు. అయితే ఆ నాలుగు సంఖ్యల్లో ఒక్కటీ పెద్దవూర కుట్టుమిషను ఇంటికి లేదు. కంప్యూటరులో జాబితా కుదిరింది కదా అని గడపగడపా తిరిగే పని తగ్గిస్తే ఆ కోట్లమంది లెక్కలోంచే జారిపోతారు. ఖర్చు మిగులుతుందనే పేరుతో ఆ పని మాత్రం ఎవరూ చేయకూడదు.

2025 జనవరి నుంచి ఈ అసంఘటిత సంస్థల సర్వేకు జిల్లానే ప్రాథమిక విభాగంగా తీసుకుంటున్నారు. మంచి మార్పు. 2016 అక్టోబరులో సూర్యాపేట విడి జిల్లా అయ్యాక కోదాడ అటు పోయింది, మిర్యాలగూడ, పెద్దవూర నల్గొండలోనే ఉన్నాయి. ఒకే కాలువ కింది మిల్లులు ఇప్పుడు రెండు జిల్లాల పట్టికల్లో ఉన్నాయి. పదేళ్ల కిందటి లెక్కతో ఇప్పటిది పోల్చి, ఏ ఊళ్లో ఎన్ని మిల్లులు మూతపడ్డాయో, ఎంతమందికి పని పోయిందో చెప్పాలంటే జిల్లా మారినా, యజమాని మారినా మారని సంఖ్య ఒకటి ప్రతి మిల్లుకూ ఉండాలి.