ఖైరియత్ అడిగేటోళ్లు కావాలె

మా సూర్యాపేటల ఇద్దరు ఎదురువడితే ముచ్చట పనికొచ్చే మాటతోని మొదలుకాదు. "ఎటో పోతున్నవ్?" అంటరు. ఎటు పోతున్నమో తెలుసుకుని వాళ్లు చేసేదేం లేదు. "ఏం లేదు, గిట్లనే" అంటం. ఆ జవాబు వాళ్లకు సరిపోతది. మా గల్లీలనైతే "అస్సలాము అలైకుం, ఖైరియత్?" అంటరు. జరంతోని కాళ్లీడ్చుకుంట పోతున్నా సరే "అల్లా కా షుకర్ హై" అంటం. అడిగినోళ్లకు కొత్త ఖబర్ ఏం దొరకదు, చెప్పినోళ్లకు పైసా ఖర్చు కాదు. బయటినుంచి చూసేటోళ్లకు ఇదంతా బేకార్ బాత్ లెక్క కనవడ్తది.

నాకైతే ఈ బేకార్ మాటలే తబియత్‌కు దవా అనిపిస్తున్నయ్. మా ఇంట్ల జరిగింది చెప్త, మీరే చూడండ్రి.

అబ్బా ఇంతెఖాల్ అయ్యి మూడేండ్లయితుంది. అమ్మీ ఇద్దత్‌ల కూసుంది. నాలుగు నెలల పది దినాలు. ఆ దినాలల్ల ఇంట్ల మనుషులకు కొదువలేకుండె. ఖాలాలు, ఫుప్పూలు, పక్కింటి వదినలు వచ్చి పోతుండేటోళ్లు. అసలు కష్టం ఇద్దత్ అయినంక మొదలైంది. వచ్చేటోళ్లు తగ్గిన్రు. అమ్మీకేమో గడప దాటే అలవాటు తప్పింది. "నువ్వే తే బేటా, నాకు పోబుద్ధి అయితలేదు" అనేది. తిండి సగానికి పడిపోయింది. ఇషా నమాజ్ చదువుకుని పండుకుంటే ఫజర్ దాంక కండ్లు తెరుచుకునే ఉండేది. దవాఖానకు తోల్కపోయినం. షుగర్, థైరాయిడ్, రక్తం, అన్ని పరీక్షలు అయినయ్. రిపోర్టులు బరాబర్ ఉన్నయ్. డాక్టర్ సాబ్ కాగితాలు పక్కన పెట్టి, "ఇంట్లకెళ్లి బయటికి వస్తున్నవా అమ్మా?" అని అడిగిండు. అమ్మీ మాట్లాడలే.

అమ్మీని బయటికి తెచ్చింది మేం కాదు, తోపుడు బండి మీద కూరగాయలు అమ్మే అక్క. ఒకదినం పొద్దుగాల గేటు ముందు బండి ఆపి ఒకటే కేక. "అమ్మీ, బయటికి రా! ఎన్ని దినాలైంది నిన్ను చూడక. నువ్వొచ్చి ఏరితెనే నాకు బోణీ మంచిగైతది." అమ్మీ దుపట్టా సర్దుకుని గేటు దాంక పోయింది. వంకాయలు ఏరింది. రెండు రూపాయల కాడ బేరమాడింది. కొసరు కింద కొత్తిమీర అడిగి తీసుకుంది. ఆ పది నిమిషాలల్ల అక్క మోకాళ్ల నొప్పులు, ఆమె బిడ్డ కాన్పు, టమాటా ధర, అన్నీ మాట్లాడుకున్నరు. లోపలికి వచ్చి చాయ్ పెట్టుకుంది. ఆమెకామె చాయ్ పెట్టుకోవుడు నేను చూసి ఎన్ని నెలలైందో.

తెల్లారి మల్ల గేటు కాడికి పోయింది. పది దినాలకు మూలమీది పాల దుకాణం దాంక నడిచింది. రెండు నెలలకు పొద్దుమీకి సద్దుల చెరువు కట్ట మీదికి పోవుడు మొదలువెట్టింది. అక్కడ నడిచేటోళ్లల్ల నలుగురైదుగురు ఆమె ఈడోళ్లు. ఒక్కరి పేరు కూడా అమ్మీకి తెల్వదు. "ఎర్ర చీరామె ఇయ్యాల రాలే" అంటది, "కొడుకు అమెరికాల ఉన్నాయన దగ్గుతున్నడు" అంటది. ఒక రాత్రి తస్బీ పక్కన పెట్టి వేళ్ల మీద లెక్కవెట్టింది. ఆ దినం ఆమె మాట్లాడింది పదకొండు మందితోని. అండ్ల ఇంటోళ్లం నలుగురమే.

అమ్మీ వేళ్ల మీద చేసిన లెక్కను కెనడాల ఇద్దరు సైకాలజిస్టులు మిషిన్ తోని చేసిన్రు. జిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ అని వాళ్ల పేర్లు. ఆ పరిశోధన 2014ల అచ్చయింది. నమాజ్ అయినంక జిక్ర్ లెక్కవెట్టుకునేతందుకు మన కాడ చిన్న కౌంటర్ ఉంటది గద, ఒత్తితే టక్కుమంటది, అసుంటియే రెండేసి ఇచ్చిన్రు. దగ్గరోళ్లతోని మాట్లాడితే ఒకటి ఒత్తాలె, ముఖ పరిచయమున్నోళ్లతోని మాట్లాడితే ఇంకోటి. ముఖ పరిచయస్తులతోని ఎక్కువ మాట్లాడిన దినం ఆ మనుషులు ఎక్కువ ఖుషీగ ఉన్నట్టు తేలింది. ఇంకో పరీక్ష కాఫీ దుకాణంల చేసిన్రు. కొందరిని పైసలిచ్చి కాఫీ తీసుకుని జల్ది వచ్చెయ్యమన్నరు. ఇంకొందరిని కౌంటర్ మీదున్నోళ్ల ముఖం చూసి నవ్వి రెండు మాటలు మాట్లాడమన్నరు. రెండు మాటలు మాట్లాడినోళ్లకే దిల్ హల్కా అయింది, నలుగురిల ఉన్నమన్న భావం కలిగింది. మా కూరగాయల అక్క ఈ సంగతి ఏ యూనివర్సిటీకి పోకుండనే ఎరుకచేసింది. సరుకు మీద కొసరు ఏసినట్టు బేరం మీద మాట ఏస్తది.

ఇక నా సంగతి. నేను కోదాడ దిక్కు బడిల పంతులును. రోజూ పేటకెళ్లి అప్ అండ్ డౌన్. హైదరాబాద్-విజయవాడ హైవే మీద గంట సేపు బస్సు. వెనకట ఈ గంటల లోకం ముచ్చట్లన్నీ అయిపోయేటివి. ఇప్పుడు ఎవరి సెల్‌ఫోన్ వాళ్లది, ఎవరి చెవులల్ల వైర్లు వాళ్లయి. పక్కోన్ని కదిలిస్తే ఏమనుకుంటడో అని అందరికీ ఝిజక్. చికాగోల నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనేటోళ్లు రైళ్లల్ల బస్సులల్ల పొయ్యేటోళ్ల మీద ఈ ఝిజక్‌నే పరీక్ష చేసిన్రు. 2014లనే అదీ అచ్చయింది. పక్క అజ్నబీతోని మాట్లాడితే ప్రయాణం పాడైతదని జనం ముందుగాల అనుకున్నరు. మాట్లాడినోళ్ల ప్రయాణమే మంచిగ గడిచింది.

మా బస్సుల ఈ ఝిజక్‌ను కొంచెం పగలగొట్టింది ఆడోళ్లు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడోళ్లకు ఫ్రీ బస్సు వచ్చింది. సీట్ల కాడ లొల్లి అయితది, కాదన. కని ఆధార్ కార్డు చూపెట్టి జీరో టికెట్ తీసుకున్న పెద్దమనిషి ఊకె కూసోదు. మొన్న సంక్రాంతి ముందు ఒక ముసలవ్వ బుర్ఖా ఏసుకున్న కాలేజీ పిల్ల పక్కన కూసుంది. "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అన్నది. ఆ పిల్ల చెవులకెళ్లి వైర్లు తీసింది. డిగ్రీ అన్నది. "పెండ్లి తొందరవెడ్తున్నరా మీ ఇంట్ల?" అన్నది అవ్వ. పిల్ల నవ్వింది, "పెడ్తున్నరు అవ్వా" అని చిన్నగ చెప్పుడు మొదలువెట్టింది. మునగాల కాడ దిగేటప్పుడు అవ్వ కొంగుల మూటకట్టిన రేగుపండ్లు ఆ పిల్ల చేతుల పోసింది. మల్ల వాళ్లిద్దరు కలుస్తరా, కలవరు. కని కోదాడ దాంక ఆ పిల్ల కిటికీల నుంచి చూసుకుంట రేగుపండ్లు తిన్నది, ఫోన్ తియ్యలే.

ఇంత మంచిగ ఉంటే ఇక గోస ఏంది అంటరేమో. ఉన్నది.

2020 మార్చిల ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ పేరు టీవీలల్ల మోగినంక, ఏప్రిల్‌ల మా సూర్యాపేటల కూరగాయల మార్కెట్ దిక్కు కరోనా కేసులు జోరుగ పెరిగినయ్. లాక్‌డౌన్‌ల ఎడం పాటించుడు అందరికీ ఉండె. మాకు ఆ ఎడం మీద అనుమానం కూడా పడ్డది. నేను ఏండ్ల సంది రోజూ చెయ్యెత్తి పలకరించే ఒక దుకాణదారు నన్ను చూసి ముఖం తిప్పుకున్నడు. తిట్టలే, కొట్టలే. ఉత్తగ చూడలే, గంతే. ఆ దినం నాకు అన్నం సయించలే. తబ్లీగీ జమాత్ విదేశీయుల మీది కేసులను ఆ ఏడు ఆగస్టుల బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి కొట్టేసింది, వాళ్లను బలిపశువులను చేసిన్రని కూడా అన్నది. కని హైకోర్టు తీర్పు కేసులనే కొట్టేస్తది. గల్లీల తప్పిన పలకరింపును మల్ల తెచ్చియ్యదు.

మరి ఎవరు తేవాలె? మా మజ్లిస్‌లల్ల పిల్లలకు సలాం అదబ్ నేర్పుతరు. బండి మీదున్నోడు నడిచేటోనికి ముందు సలాం చెప్పాలె. నడిచేటోడు కూసున్నోనికి చెప్పాలె. తక్కువమంది ఎక్కువమందికి చెప్పాలె. తెలిసినోళ్లకే కాదు, తెలియనోళ్లకు కూడా చెప్పాలె. ఎవరిది తప్పు, ఎవరు గొప్ప అన్న సవాల్ ఈ అదబ్‌ల లేదు. నేను బండి మీదున్న, ఆయన దుకాణంల కూసున్నడు. లెక్క ప్రకారం వంతు నాదే. లాక్‌డౌన్ ఎత్తేసినంక రోజూ బండి మెల్లగ చేసి "నమస్తే అన్నా" అన్న. మొదటి వారం తల ఎత్తలే. తర్వాత ఒకదినం తల ఊపిండు. ఇంకొన్ని నెలలకు "ఏం సాబ్, పిల్లలు మంచిగున్నరా" అన్నడు. ఆ ముఖం తిప్పుకున్న ముచ్చట మేం ఇప్పటిదాంక మాట్లాడుకోలే. ఆయన దిల్‌ల ఏమున్నదో నాకు తెల్వదు. అబ్బా జనాజా లేచిన దినం మాత్రం దుకాణం షట్టర్ దించి, అందరికన్న ఎన్క, ఖబ్రస్తాన్ దాంక నడిచిండు.

మా ససురాల్ మిర్యాలగూడ. రైస్ మిల్లుల ఊరు. సాగర్ ఎడమ కాల్వ నీళ్లతోని పండిన వడ్లు అక్కడికే వస్తయ్. మిల్లులల్ల బిహార్‌కెళ్లి వచ్చిన హమాలీలు పనిచేస్తరు. వాళ్లకు తెలుగు రాదు. అందుకే ఆ ఊర్ల చాయ్ హోటళ్ల కాడ వాళ్లను మొదలు మాట్లాడిచ్చేది ఉర్దూ వచ్చిన మావోళ్లే. "క్యా భాయ్, ఖానా హువా?" గీ ఒక్క మాటకు ఆ మనిషి ముఖంల వెలుగు చూడాలె. మా మామ ఒక మిల్లుల గుమాస్తా చేసిండు. ఏ మిల్లుల పని ఉన్నది, ఎక్కడ కిరాయకు అర్ర దొరుకుతది, ఈ ఖబర్లన్నీ చాయ్ కాడి ముఖ పరిచయాలతోనే తిరుగుతయ్ అంటడు. మార్క్ గ్రానోవెట్టర్ అనే అమెరికా సోషియాలజిస్టు 1973ల ఈ మాటే రాసిండు. సగం తెలిసినోళ్లే మనకు కొత్త ఖబర్లు తెస్తరు, ఎందుకంటే దగ్గరోళ్లకు తెలిసింది మనకు ముందే తెలిసి ఉంటది.

మిర్యాలగూడకెళ్లి జాన్‌పహాడ్ దర్గా దూరం కాదు, పాలకీడు మండలంల ఉన్నది. ఏటా జనవరిల ఉర్సు. కందూరు చేసేటోళ్లల్ల హిందువులే ఎక్కువ కనవడ్తరు. మా ప్రాంతంల హిందువుల ఇండ్లల్ల సైదులు, సైదమ్మ, జానయ్య అన్న పేర్లు అక్కడికెళ్లి వచ్చినయే. పక్కోని పీర్ పేరు తన బిడ్డకు పెట్టుకునే మొహబ్బత్ ఒక్క దినంల పుట్టలే. ఒకే బండ మీద కూసుని తిన్నరు, ఒకే చెట్టుకింద నీళ్లు తాగిన్రు, "ఏ ఊరు మీది" అని అడుక్కున్నరు.

ఒంటరితనం ఇప్పుడు దునియా మొత్తానికి బీమారీ అయింది. బ్రిటన్ 2018ల దానికోసం ఒక మంత్రినే పెట్టింది. ప్రతి ఆరుగురిల ఒకరు తన్హాయితోని బాధపడుతున్నరని, ఏడాదికి 8,71,000 మౌత్‌లకు దాంతోని సంబంధమున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌ల చెప్పింది. మన ఊర్లకు ఇది రాదనుకునుడు గలత్. గేటు ఎన్క అమ్మీ కూసున్న దినాలు నేను చూసిన.

పలకరింపు అన్నింటికీ ఇలాజ్ అంటలేను. నిద్ర పట్టక, జిందగీ మీద ఆశ పోయి ఉన్నోళ్లకు డాక్టర్ కావాలె. టెలిమానస్ అని సర్కార్ ఫోన్ నంబర్ ఉన్నది, 14416, దాంట్ల తెలుగుల మాట్లాడుతరు. కని అంత దాంక పోకముందు చేసే పనులు మన చేతులల్ల ఉన్నయ్. మా ఇంట్ల ఇప్పుడు కూరగాయలు వారానికొకసారి తెచ్చుడు బంద్, రోజూ బండి కాడ కొంటం. చాయ్ తాగేటప్పుడు నేను ఫోన్ జేబుల పెడ్త. బస్సుల కండక్టర్‌కు టికెట్ కన్న ముందు నమస్తే చెప్త. జుమ్మా నమాజ్ అయినంక చెప్పుల కోసం ఉరుకకుండ, పక్కనున్నాయనతోని ముసాఫా చేసి ఖైరియత్ అడుగుత. అన్నీ కలిపినా దినానికి పావుగంట కాదు.

మీ గల్లీల కూడా ఈ మధ్య కనవడని మనిషి ఒకరుంటరు. మొన్నటిదాంక గడప ముందు కూసునేటాయన, పాల దుకాణం కాడ ఎదురువడే ఆమె. ఇయ్యాల పొద్దుమీకి పోయి తలుపు కొట్టండ్రి. ఎందుకొచ్చిన్రు అంటే, "గిట్లనే వచ్చిన" అనండ్రి.