తా వలచినది రంభ

కెమెరా కొనదలచినవాడు ముందుగా చెవుల్లో దూది పెట్టుకుని, ఆ తర్వాతే బజారుకి బయలుదేరాలి. పెళ్ళి సంబంధం విషయంలో సలహా చెప్పడానికి జంకే పెద్దమనుషులు లోకంలో ఇంకా ఉన్నారు గాని, కెమెరా విషయంలో జంకేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఆ మాటకొస్తే కెమెరా లేనివాడే మరీ గట్టిగా చెబుతాడు.

నాకీ అవసరం ఎందుకొచ్చిందో ముందు మనవి చేసుకోవాలి. నేను చెప్పేది తెలుగు పాఠం. ఉండేది విశాఖపట్నంలో, చినవాల్తేరులో. తెల్లవారి సముద్రపుగాలికి నడవడం మొదలుపెడితే కాళ్ళు వాటంతట అవే పెదజాలరిపేట ఇసుకలోకి తీసుకుపోతాయి. అక్కడ వినబడే మాటలు మా పాఠ్యపుస్తకాల్లో లేవు. వలల పేర్లు, గాలుల పేర్లు, తెప్పలో ఒక్కొక్క దుంగకి పేరు, తాడు వేసే ముడికి పేరు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారి చేత వ్యవసాయ వృత్తి పదకోశం వేయించారు. ఆ పుస్తకం చూసినప్పటినుంచీ, మన పేట మాటలు కూడా ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకుందామన్న కోరిక పుట్టింది. అయితే మాట ఒక్కటీ రాసుకుంటే చాలదు. ‘అలివి వల’ అని రాసి, ఎదురుగా ‘ఒడ్డునుండి లాగెడి పెద్దవల’ అని అర్థం రాస్తే, సముద్రం చూడని కుర్రవాడికి ఏం బోధపడుతుంది? ఇరవైమంది వరసగా తాడు పట్టుకుని వెనక్కి వాలి లాగుతున్న బొమ్మ పక్కన ఉండాలి. అంచేత కెమెరా కావలసివచ్చింది.

ఈ సంగతి స్టాఫురూములో నోరుజారి అనేశాను. అంతే, యుద్ధం మొదలైంది.

మా ఫిజిక్సు మేస్టారిది నైకాన్ మతం. “1959లో నైకాన్ ఎఫ్ అనే కెమెరాకి లెన్సు బిగించే గాడి ఏ కొలతకి చేశారో, ఆ కొలతనే దశాబ్దాల తరబడి నిలబెట్టారండీ. తాత లెన్సు మనవడి కెమెరాకి పడుతుంది. కంపెనీ అంటే అదీ!” అన్నాడాయన. కామర్సు చెప్పే ఆయనది కానన్. “తాత లెన్సు పట్టుకు వేళ్ళాడితే మనవడు ముందుకెప్పుడు పోతాడు? 1987లో మావాళ్ళు పాతగాడి తీసి పారేసి, మోటారు లెన్సులోనే పెట్టారు. కన్నుమూసి తెరిచేలోగా ఫోకసు కుదురుతుంది” అని ఈయన. ఇంటికి వస్తే, సెలవులకి హైదరాబాదునుంచి దిగిన మేనల్లుడు, “మావయ్యా, ఇంకా అద్దం టపటపలాడే కెమెరాలేమిటి? 2013లోనే సోనీవాడు అద్దం లేకుండా పెద్ద సెన్సారు పెట్టి ఏ7 తీసుకొచ్చాడు. వాడి వెనకాలే కదా 2018లో నీ నైకానూ కానానూ కొత్తగాళ్ళతో పరుగెత్తుకొచ్చాయి” అని నవ్వాడు.

మా ఆవిడ మాత్రం, “ఫోనులో కెమెరా ఉంది కదండీ” అని ఒక్క ముక్క అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నిజానికి అందరిలోకీ బలమైన వాదం అదే.

నాకీ వాదాల్లో తలదూర్చే శక్తి లేదు. కాని పేర్ల పుట్టుక మీద సరదా ఉంది. నైకాన్ అన్నది ‘నిప్పన్ కొగకు’ అనే పేరుకి కత్తిరింపు. ఆ కంపెనీ 1917లో పుట్టింది. కానన్ కథ ఇంకా బాగుంది. 1934లో వాళ్ళు మొదటిసారి చేసి చూసుకున్న కెమెరాకి ‘క్వానన్’ అని పేరు పెట్టారు. క్వానన్ అంటే జపాను బౌద్ధులకి కరుణామూర్తి. ఆమె మూలం వెతుక్కుంటూ పోతే మన అవలోకితేశ్వరుడి దగ్గర తేలుతుంది. అవలోకించడమంటే చూడడమే కదా! లోకం బాధలకేసి చూసే దేవుడి పేరు చూసే యంత్రానికి పెట్టారు. మా తొట్లకొండ మీద ఒకప్పుడు ఈ సముద్రాన్నే చూస్తూ కూర్చున్న భిక్షువులకి ఈ మాట చెబితే ఎంత ముచ్చటపడేవారో! అలాగని ఈ ఒక్క వ్యుత్పత్తి కోసం లక్షరూపాయలు పోసి కానన్ కొనలేను కదా. అయినా చెబుతున్నాను, నా మనస్సు ఒక పూటంతా అటే మొగ్గింది. ఇష్టం ఎక్కణ్ణించి పుడుతుందో చూడండి. ఒకడికి గాడి, ఒకడికి వేగం, నాకు వ్యుత్పత్తి.

మా నాన్నగారికి ఈ బాధలేవీ లేవు. ఆయన దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ అని నల్లటి పెట్టె ఉండేది. మన దేశంలోనే బరోడాలో తయారైన సరుకు. ఒక రీలుకి 12 ఫోటోలు. 12 ఫోటోలూ పూర్తవడానికి మాకు ఏడాది పట్టేది. తిరుపతి యాత్రతో మొదలైన రీలు మా చెల్లెలి ఓణీలతో ముగిసేది. అందులో నేను కళ్ళు మూసుకున్న ఫోటోలే ఎక్కువ. అయితేనేం, ఒక్కటి కూడా పారెయ్యలేదు. ఏ కంపెనీ మంచిదన్న చర్చ మా ఇంట్లో రాలేదు. ఊళ్ళో దొరికింది అదొక్కటే కాబోలు. ఎంపిక లేనిచోట అభిరుచి పుట్టదు, తగవూ పుట్టదు.

సరే, తగవు తీర్చడానికి నేనొక ఉపాయం చేశాను. ముగ్గురి దగ్గరా మూడు కెమెరాలు అరువు పుచ్చుకుని, ఒక ఆదివారం పొద్దుటే పేటకి వెళ్ళాను. అక్కడ నాకు మాటలు చెప్పే ముసలాయన ఒకడున్నాడు. పేట అంతా ఫైబరు పడవలకి మారిపోయినా ఆయన ఇంకా తెప్ప విడిచిపెట్టలేదు. నన్ను చూసి, “ఏటి మేస్టారూ, మూడట్టుకొచ్చినారు? ఒకటి పన్జెయ్యదేటి?” అన్నాడు.

ఆయన్ని తెప్ప మీదనే కూర్చోబెట్టి, వెనక సముద్రం వచ్చేటట్టు, మూడింటితోనూ ఒకే చోటునుంచి తీశాను. లెక్కలన్నీ యంత్రానికే వదిలేశాను, పరీక్ష సమంగా ఉండాలని. మర్నాడు అచ్చు తీయించి, వెనకాల కంపెనీ పేరు రాసి, ముందువైపు మాత్రం ఆయనకి చూపించాను. మూడూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. చూసి, “ముగ్గురూ నన్ను నల్లగా మాడ్చీసినారు బాబూ!” అన్నాడు.

మాట నిజం. సముద్రం మెరుస్తోంది, ఇసక మెరుస్తోంది, మధ్యన మనిషి మొహం మసిలో కలిసిపోయింది. దీనికి కారణం ఏ కంపెనీ కాదు. కెమెరాలో వెలుతురు కొలిచే సాధనం ఒకటి ఉంటుంది. ఎదురుగా ఉన్నదంతా కలిపి చూస్తే మధ్యరకం బూడిదరంగుగా ఉంటుందని దాని నమ్మకం. వెనకాల తెల్లటి వెలుగు ఎక్కువైతే అది బెదిరి, మొత్తం బొమ్మనే చీకటి చేస్తుంది. అప్పుడు తీసేవాడు, “భయపడకు, ఇంకొంచెం వెలుతురు రానీ” అని దానికి నచ్చజెప్పాలి. అందుకు ప్రతి కెమెరాలోనూ చిన్న మీట ఉంటుంది. అది తిప్పి మళ్ళీ తీశాను. మూడింట్లోనూ ముసలాయన మొహం వెలిగింది, నుదుటి ముడతలూ, కళ్ళకింద ఉప్పుచారలతో సహా.

ఇక్కడొక మాట చెప్పకుండా దాటిపోలేను. ఇష్టాయిష్టాలు కొనేవాడికే ఉంటాయనుకుంటాం. చేసేవాడికీ ఉంటాయి. రంగుఫిల్ము వచ్చిన తర్వాత చాలాకాలం, ఫోటోలు కడిగే లాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్‌వారు ఒక తెల్లదొరసాని బొమ్మ ఉన్న కార్డు పంపేవారు. ‘షర్లీ కార్డు’ అని దానికి పేరు. ఆమె చర్మం సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు లెక్క. మరి నల్లనివాళ్ళ మొహాలో? కళ్ళూ పళ్ళూ తప్ప మరేమీ కనబడేవి కావు. ఈ లోపాన్ని గురించి గట్టిగా మొరపెట్టుకున్నది మనుషులుకాదట. చాక్లెట్లూ చెక్కసామానూ అమ్మే వ్యాపారులు, తమ సరుకుల రంగు తేడాలు ప్రకటనల్లో కనబడటంలేదని గోలపెడితే, ఫిల్ము మెరుగైందని ఆ కంపెనీలో పనిచేసినవారే చెప్పుకున్నారు. ఎక్కడో అమెరికాలో ఒకరి అభిరుచి, ఇక్కడ జాలరిపేట పెళ్ళిఫోటోలో పెళ్ళికూతురి మొహాన్ని చెరిపేసిందన్నమాట. అంచేత, ‘ఎవరి ఇష్టం వారిది’ అని తేలిగ్గా అనేసి ఊరుకోవడానికి వీల్లేదు. ఎవరి ఇష్టం ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి.

మళ్ళీ పరీక్షకి వద్దాం. రెండోసారి అచ్చువేయించిన మూడింట్లోనూ ముసలాయన ఒకటి ఏరుకున్నాడు. ఎందుకని అడిగాను. “ఇందల తెప్ప కట్టు కనబడతంది” అన్నాడు. ఆయన భార్య ఇంకొకటి ఏరింది. “ఇదే బాగుంది, నవ్వుతన్నాడు” అంది. వెనక్కి తిప్పి చూస్తే ఇద్దరివీ వేరువేరు కంపెనీలు. ఆ తేడా కంపెనీలది కాదు. ఒకటి తీసినప్పుడు ఎండ తాళ్ళ మీద ఏటవాలుగా పడింది, ఇంకొకటి తీసినప్పుడు మనవడు పక్కనుంచి ఏదో కొంటెమాట అన్నాడు. ఈ తీర్పు స్టాఫురూములో చెబితే ఫిజిక్సు మేస్టారూ కామర్సు ఆయనా మొదటిసారి ఏకమై, పరీక్ష చెల్లదన్నారు.

నవ్వులాటకి ఇంతవరకే. ఆ ఏడాది చివర్లో పేటలో ఒక కుర్రవాడు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. పెళ్ళయి మూడేళ్ళయింది. నెల తిరిగాక వాళ్ళ అమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కొంగున మడిచి తెచ్చిన ఫోటో చూపించింది. ఆధార్ కార్డు మీది బొమ్మని పెద్దది చేయించారు. మొహం ఎక్కడ ముగిసి వెనక గోడ ఎక్కడ మొదలైందో తెలియడంలేదు. “ఇదీ మావోడిలా నేదు బాబూ. మీరు వల లాగినప్పుడు తీసినారంట కదా, అందల ఉన్నాడేమో సూడండి” అంది.

ఆ రాత్రి అలివి వల ఫోటోలన్నీ తిరగేశాను. ఇరవైమందిలో ఏడోవాడు. తాడు భుజాన వేసుకుని, పక్కవాడి మాటకి ఇటు తిరిగి నవ్వుతున్నాడు. కత్తిరించి పెద్దది చేస్తే మొహం అరచెయ్యంత వచ్చింది. కొంచెం కదిలింది, అంచులు మెత్తబడ్డాయి. ఇంకొకదానిలో స్పష్టంగా ఉన్నాడు, కాని పెదవులు బిగించి ఎటో చూస్తున్నాడు. రెండూ అచ్చువేయించి పట్టుకెళ్ళాను. ఆమె స్పష్టంగా ఉన్నదాన్ని పక్కన పెట్టేసింది. కదిలినదాన్ని రెండుచేతులా పట్టుకుని, “ఇదిగో, ఈడు మావోడు” అంది. మరేమీ అనలేదు. ఇప్పుడు వాళ్ళింట్లో దండ వేసి ఉన్న పటం అదే.

లెన్సుల నాణ్యత కొలవడానికి ప్రపంచంలో ఎన్నో పట్టికలున్నాయి. అంచుల్లో ఎంత పదును, మధ్యలో ఎంత పదును అని గీతలు గీసి చూపిస్తారు. అవి అబద్ధాలు కావు. ఇరవైమందిలోంచి ఒక్క మొహాన్ని వేరుచేసి పెద్దది చేసుకోగలిగామంటే ఆ యంత్రం గొప్పతనం ఉండనే ఉంది. ఫోనుతో తీసివుంటే ఆ దూరాన అంతపాటి మొహం దక్కేదికాదు. కాని ఆ తల్లి కొలిచిన కొలత ఏ పట్టికలోనూ లేదు. దాన్ని మన తెలుగులో ‘పోలిక’ అంటారు.

ఇంతకీ ఏది కొన్నావయ్యా అంటారా? చెబుతాను. సెకండుహాండు నైకాన్ కొన్నాను. కారణాలు మూడు. ఒకటి, నా చేతికి దాని పట్టు కుదిరింది. బొటనవేలు చూడకుండానే మీట మీదికి పోతుంది. నైకాన్ లెన్సు తిరిగే వైపుకీ కానన్ తిరిగే వైపుకీ చుక్కెదురు, ఒకదానికి అలవాటుపడ్డ చెయ్యి రెండోదాంతో తడబడుతుంది. రెండు, ఫిజిక్సు మేస్టారి ఇల్లు మా వీధిచివరే. ఆయన లెన్సులన్నీ నాకు పడతాయి, అడిగితే కాదనలేడు. మూడు, మా ఊళ్ళో దాన్ని విప్పి బాగుచేసే చెయ్యి ఒకటుంది. మూడోదాన్ని చిన్నచూపు చూడకండి. మా సముద్రపుగాలికి ఏ కంపెనీ అయినా ఒకటే. ఉప్పు లోహాన్ని తింటుంది, చెమ్మ లెన్సులోపల సాలెగూడులా బూజు పట్టిస్తుంది. గాలి చొరని డబ్బాలో, చెమ్మ పీల్చే సిలికా పొట్లాలు వేసి దాచుకోకపోతే రంభైనా మసకబారవలసిందే.

ఫిజిక్సు మేస్టారు తన వాదం నెగ్గిందని స్టాఫురూములో అందరికీ కాఫీ ఇప్పించాడు. కామర్సు ఆయన నాతో వారం రోజులు ముభావంగా ఉన్నాడు. తా వలచినది రంభ, తా మునిగినది గంగ అన్నారు పెద్దలు. ఇందులో వెక్కిరింత ఎంత ఉందో దీవెన కూడా అంతే ఉందని నాకనిపిస్తుంది. వలచినవాడు రోజూ దగ్గరికి తీస్తాడు, రోజూ తీసినవాడికి చెయ్యి తిరుగుతుంది. బీరువాలో దాచిన గొప్ప కెమెరాకంటే భుజాన వేళ్ళాడే మామూలు కెమెరా నయం కావడానికి కారణం అదే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ మా తీరంలో మరపడవల వేట బందు. ఆ రోజుల్లో పేటంతా ఒడ్డునే ఉంటుంది, వలలు బాగుచేసుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ. మాటలు ఏరుకోవడానికి నాకదే పంటకాలం. మొన్న అలా కూర్చున్నప్పుడు ముసలాయన నా కెమెరాని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, “మేస్టారూ, ఇది మంచిదేనా?” అని అడిగాడు. మంచిదేనన్నాను.

“అయితే రేపు పొద్దు పొడవకముందే వచ్చీండి. కొడుకులు పడవ కొన్నారు. తెప్ప ఇప్పేస్తన్నాం. ఏ దుంగ పేరేటో సెప్తాను, ఒక్కోటీ తీసుకుందురుగాని.”