రాజ్‌పూర్ రోడ్డులో ఒక మజిలీ

ముస్సోరీ యాత్ర అనగానే మంచుకొండలూ, మలుపుల దారులూ కళ్లముందు మెదులుతాయి. ఎల్.టి.సి.పై బయలుదేరిన మా నాలుగు కుటుంబాల వారమూ వాటి కోసమే డెహ్రాడూన్‌లో రైలు దిగాము. అయితే మాలో ఒక మిత్రుని పదేళ్ల కుమారునికి పుట్టుకతోనే చూపు లేదు. ఇంటి దగ్గరి బడివారు "ఇతనికి తగినది అంధుల పాఠశాల" అంటూ రెండేళ్లుగా తిప్పి పంపుతున్నారు. బిడ్డను దూరాన వసతిగృహంలో విడువవలసిందేనా అన్న వేదన ఆ దంపతులతో పాటు ప్రయాణం చేసింది.

శివాలిక్ కొండలకూ హిమాలయ పాదాలకూ నడుమ ఒదిగిన లోయ డూన్. ముస్సోరీకి ఎగబ్రాకే రాజ్‌పూర్ రోడ్డు మీదనే దృష్టి వైకల్యం గలవారి సాధికారతకై వెలసిన జాతీయ సంస్థ ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1943లో నెలకొల్పిన వసతిగృహమే దీనికి మూలం. 1951లో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం, 1959లో ఆదర్శ పాఠశాల ఇక్కడ ఏర్పడినవి.

మేము అడుగగా ఒక హిందీ బ్రెయిలీ పుటను బాబు చేతికిచ్చారు. ఇంటివద్ద తెలుగు బ్రెయిలీ నేర్చిన ఆ చిన్నవాడు చుక్కలు తడిమి, "క... మ... ల..." అని కూడబలుక్కున్నాడు. మాకు ఆశ్చర్యం! భారతి బ్రెయిలీలో తెలుగు 'క'కూ, హిందీ 'క'కూ చుక్కలు ఒకటేనట. కన్నులున్న మాకు రెండు లిపులు. అతని వేళ్లకు ఒక్కటే!

చట్టం సంగతి ఆనాటి సాయంకాలం మా చర్చలోనికి వచ్చింది. 1995 నాటి చట్టమే వికలాంగ బాలలకు పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్యను విధించినది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం మరింత ముందుకు సాగింది. ప్రభుత్వ నిధులు గాని, గుర్తింపు గాని పొందిన విద్యాసంస్థలు వివక్ష లేకుండా చేర్చుకోవాలని 16వ సెక్షను చెబుతున్నది. నలభై శాతానికి తక్కువ కాని వైకల్యం గల 6-18 ఏళ్ల బాలలకు ఉచిత విద్యా హక్కునిచ్చినది 31వ సెక్షను. పొరుగు బడియా, ప్రత్యేక పాఠశాలయా అన్న ఎంపిక కూడా వారిదే!

"అయితే ఎంచుకోవలసింది బడివారు కాదన్నమాట వదినా!" అన్నది ఆ తల్లి. తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

మరునాడు ముస్సోరీలో పొగమంచు కమ్మి కొండలేవీ మాకు కనబడలేదు. బాబు మాత్రం చెంపలు తాకిన చలికి కిలకిల నవ్వాడు.

తిరిగి వచ్చిన వారంలోనే మిత్రుడు ఆ రెండు సెక్షన్లనూ ఉదహరించి బడికి దరఖాస్తు పెట్టాడు. జవాబు ఇంకా రాలేదు. బడి తెరిచేనాడు ఆ దంపతుల వెంట మేమూ వెళ్లదలచాము. మన కాలనీలలో ఇటువంటి పిల్లలున్న ఇళ్లు మరికొన్ని ఉండవచ్చు. వారికీ ఈ మాట చేరాలన్నదే మా ఆకాంక్ష.